పాత స్పా సర్క్యూట్‌ను మ్యాపు మీద మళ్లీ గీయడం: ఆ 14.1 కిలోమీటర్లు ఎక్కడ తప్పుతాయి

ఫ్రాంకోర్‌షాం, మాల్మెడీ, స్టావ్‌లో. బెల్జియం తూర్పు అంచున ఆర్డెన్ కొండల్లో ఉన్న ఈ మూడు ఊళ్ల మధ్య రోడ్లనే 1921లో స్పా అనే రేసు ట్రాక్‌గా మార్చారు. ఆ రోడ్లు చాలావరకు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అందుకే ఇప్పటి మ్యాపు తెరిచి, రోడ్ల వెంట గీత లాగేస్తే పాత స్పా వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. పొడవు కొలిస్తే 14 కిలోమీటర్ల పైచిలుకే వస్తుంది, అధికారిక అంకెకు దగ్గరగానే ఉంటుంది. కానీ ఒకచోట 40 మీటర్లు ఎక్కువై, ఇంకోచోట 40 మీటర్లు తగ్గినా మొత్తం సరిపోతుంది. పొడవు కుదిరిందంటే మలుపులు కుదిరాయని కాదు. సిమ్యులేటర్ ట్రాక్ కడుతున్నా, స్కేలు మోడల్ చేస్తున్నా, పాత ఫొటో ఎక్కడ తీశారో పట్టుకోవాలన్నా కావలసింది మలుపులే. కాబట్టి ముక్కలు ముక్కలుగా గీసి, ఏ ముక్కకా ముక్క తనిఖీ చేయాలి.

ముందు ఏడాది తేల్చుకోండి

"పాత స్పా" అని ఒకే ఒక్క సర్క్యూట్ లేదు. తొలి రూపం దాదాపు 15 కిలోమీటర్లు. అందులో కార్లు ఓ రూజ్ వాగు మీది వంతెన దాటగానే ఎడమకు తిరిగి, పాత కస్టమ్స్ ఆఫీసు దాకా వెళ్లి, అక్కడ కుడికి హెయిర్‌పిన్ (వెనక్కి మళ్లించే బిగుతు మలుపు) తిరిగి మళ్లీ కొండెక్కేవి. ఆ మలుపు పేరు యాన్సియెన్ దువాన్. 1920 దాకా మాల్మెడీ జర్మనీలో ఉండేది, సరిహద్దు ఆ వాగు దగ్గరే. 1939లో ఆ హెయిర్‌పిన్‌ను వదిలేసి నేరుగా కొండ మీదికి రోడ్డు వేశారు. ఇవాళ అందరికీ తెలిసిన రెడియోన్ అదే. అంటే 1938 నాటి బొమ్మలో రెడియోన్ ఉండకూడదు, 1939 తర్వాతి బొమ్మలో దువాన్ హెయిర్‌పిన్ ఉండకూడదు. రెండూ కలిపి గీసిన మ్యాపులు బోలెడు కనిపిస్తాయి.

యుద్ధం తర్వాత స్టావ్‌లో ఊరి వైపు ఉన్న ఇరుకు మలుపు స్థానంలో వాలు కట్టిన వేగమైన వంపు వచ్చింది. దాంతో పొడవు 14.1 కిలోమీటర్లకు దిగింది. 1970 గ్రాండ్ ప్రీ కోసం మాల్మెడీ దగ్గర చికేన్ (వేగం తగ్గించడానికి పెట్టే మెలిక) పెట్టారు. ఫార్ములా వన్ ఆ పాత ట్రాక్ మీద పరిగెత్తింది అదే చివరిసారి. 1979లో లే కోంబ్ మలుపు దగ్గర కుడికి మళ్లి, లోయలోంచి అడ్డంగా వచ్చి, బ్లాంషిమోన్ మలుపు ముందు పాత రోడ్డులో కలిసే 6.9 కిలోమీటర్ల కొత్త ట్రాక్ తెరిచారు.

మొదటిసారి గీస్తుంటే 1960ల నాటి రూపం ఎంచుకోండి. దానికి కావలసిన ఆనవాళ్లు ఎక్కువ, ఫొటోలు ఎక్కువ. 1938 కావాలన్నా 1970 కావాలన్నా ఆ గీతకు రెండు మూడు అతుకులు మారిస్తే సరిపోతుంది.

అధికారిక పొడవు ఎంతవరకు నమ్మాలి

ల్యాప్ టైమూ సగటు వేగమూ రెండూ దొరికితే, నిర్వాహకులు ఎంత పొడవు పెట్టుకుని లెక్క కట్టారో తెలిసిపోతుంది. వేగాన్ని సెకన్లతో గుణించి 3600తో భాగించడమే. 1973లో 1000 కిలోమీటర్ల రేసులో ఆన్రీ పెస్కరోలో మాత్రా కారులో 3 నిమిషాల 13.4 సెకన్లలో ల్యాప్ కొట్టాడు, సగటు గంటకు 262.461 కిలోమీటర్లు. లెక్క కడితే సరిగ్గా 14.100 వస్తుంది. 1970 గ్రాండ్ ప్రీలో క్రిస్ ఏమన్ వేగవంతమైన ల్యాప్ 3 నిమిషాల 27.4 సెకన్లు, సగటు గంటకు 244.744 కిలోమీటర్లు. అదీ 14.100 మీదే కట్టిన లెక్క. ఆ ఏడాది చికేన్ వచ్చినా అంకె మారలేదు. 1950 గ్రాండ్ ప్రీకి మాత్రం పట్టికల్లో 14.120 ఉంటుంది.

కాబట్టి 14.1 అన్నది గుండ్రంగా చేసిన సంఖ్య. మీ గీత 14,060 వచ్చినా 14,140 వచ్చినా కంగారు పడనక్కర్లేదు. దాన్ని బలవంతంగా 14,100కు సాగదీయడం మాత్రం చేయొద్దు. అలా సాగదీస్తే సరిగ్గా ఉన్న మలుపులు కూడా జరిగిపోతాయి.

సరుకు

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ చాలు, ఉచితం. ప్రాజెక్టును బెల్జియన్ లాంబర్ట్ 72 కోఆర్డినేట్ పద్ధతిలో పెట్టండి, కోడ్ ఈపీఎస్‌జీ 31370. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. వెబ్ మ్యాపుల మెర్కేటర్ పద్ధతిలో సమతల దూరం కొలిస్తే ఈ అక్షాంశం దగ్గర, అంటే 50.4 డిగ్రీల ఉత్తరాన, ప్రతి దూరమూ దాదాపు 1.57 రెట్లు పెరుగుతుంది. 14.1 కిలోమీటర్ల సర్క్యూట్ 22 కిలోమీటర్లు చూపిస్తుంది. అంత తేడా వస్తే ఎవరైనా పట్టేస్తారు. కానీ మలుపు వ్యాసార్ధాలు ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోయేవాళ్లు గమనించరు, 100 మీటర్ల మలుపును 157గా రాసేసుకుంటారు.

ఆధారాల్లో అన్నిటికంటే విలువైనది 1971 నాటి ఆర్థోఫోటో. వాలోనియా ప్రాంత ప్రభుత్వ జియోపోర్టల్ వాల్‌ఆన్‌మ్యాప్‌లో అది ఒక పొరగా ఉంది. పాత ట్రాక్ ఇంకా వాడుకలో ఉన్న రోజుల్లో పైనుంచి తీసిన చిత్రం, పైగా ఇప్పటికే కోఆర్డినేట్లలో కూర్చోబెట్టి ఉంది. దాని మీద ఇప్పటి ఆర్థోఫోటో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లు, లైడార్ (విమానం నుంచి లేజర్‌తో కొలిచిన) నేల ఎత్తుల పొర పెట్టుకోండి. ఎత్తుల పొర 1 మీటరు గ్రిడ్‌లో దొరుకుతుంది. యుద్ధానికి ముందు రూపాలకు పాత టోపో షీట్లు (సర్వే మ్యాపులు) కావాలి. 1920కి ముందు షీట్లయితే ఒక చిక్కుంది. ట్రాక్‌లో ఒక భాగం బెల్జియం షీట్లలోనూ, మిగతాది ప్రష్యా (అప్పటి జర్మనీ) షీట్లలోనూ ఉంటుంది. రెండింటినీ విడివిడిగా కూర్చోబెట్టాలి, సరిహద్దు దగ్గర రోడ్లు అతకకపోతే ఆశ్చర్యపడొద్దు.

రేసు ప్రోగ్రాముల్లో అచ్చయిన సర్క్యూట్ బొమ్మలను మలుపుల వరుసకు, పేర్లకు మాత్రమే వాడుకోండి. అవి స్కేలుకు గీసినవి కావు. పేజీలో పట్టడానికి మాస్తా స్ట్రెయిట్‌ను (మాస్తా దగ్గరి పొడవాటి తిన్నని రోడ్డును) కుదించేస్తారు, మలుపులను ఉబ్బిస్తారు.

పాత షీటును కూర్చోబెట్టడం

స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. 1:25,000 షీటులో అప్పుడు ఒక్కో పిక్సెల్ నేల మీద 2.1 మీటర్లు. కాగితం మీద అర మిల్లీమీటరు తేడా అంటే నేల మీద 12.5 మీటర్లని గుర్తుంచుకుంటే, ఆ షీటు నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది. రోడ్డు ఏ వైపునుంచి పోయిందో అది చెబుతుంది, వంపు ఎంతో చెప్పదు.

స్కాన్‌ను కోఆర్డినేట్లలో కూర్చోబెట్టే క్యూజీఐఎస్ పనిముట్టు జియోరిఫరెన్సర్‌లో 10 నుంచి 12 గుర్తు బిందువులు పెట్టండి. చర్చిలు, వాగు మీది పాత వంతెనలు, మారని ఇళ్ల మూలలు బాగుంటాయి. రోడ్డు కూడళ్లు వద్దు. మీరు కనిపెట్టాలనుకుంటున్నదే రోడ్డు ఎక్కడుందో అన్నప్పుడు, దాన్నే గుర్తుగా పెట్టుకుంటే తప్పు తనను తానే సమర్థించుకుంటుంది. బిందువులు ట్రాక్ చుట్టూ నాలుగు వైపులా పరుచుకోవాలి. అన్నీ లోయలోనే ఉంటే కొండ వైపు షీటు ఊగుతుంది.

మార్పిడి పద్ధతిగా మొదటి తరగతి పాలినోమియల్ ఎంచుకోండి, అది షీటు మొత్తాన్ని ఒకేలా జరిపి, తిప్పి, సాగదీస్తుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అయితే ప్రతి బిందువు దగ్గరా తేడా సున్నా చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒక బిందువు తప్పు చోట పెట్టినా చెప్పదు, షీటునే అటు గుంజేస్తుంది. మూడు నాలుగు బిందువులను లెక్కలో చేర్చకుండా పక్కన పెట్టుకుని, చివర్లో వాటి దగ్గర తేడా కొలవండి. నమ్మదగ్గ అంకె అదొక్కటే.

గీత లాగడం

రోడ్డు మధ్య గీతనే గీయండి, మొదలుపెట్టాక అంచుకు మారొద్దు. మూసిన లూపుల్లో ఒక గమ్మత్తు ఉంది. ట్రాక్ ఎన్ని వంకర్లు తిరిగినా, మొత్తం మీద ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి గీతను లోపలి వైపు 4 మీటర్లు జరిపితే పొడవు 2 × 3.1416 × 4, అంటే సుమారు 25 మీటర్లు తగ్గుతుంది. బయటి అంచుకు జరిపితే అంతే పెరుగుతుంది. ఇద్దరు గీసిన గీతల మధ్య పాతిక యాభై మీటర్ల తేడా కనిపిస్తే మొదట అడగవలసింది ఎవరు ఏ అంచు పట్టుకున్నారనే.

బిందువుల మధ్య దూరం వంపును బట్టి మార్చాలి. రోడ్డు నుంచి మీ గీత పావు మీటరుకు మించి తొలగకూడదనుకుంటే, వ్యాసార్ధాన్ని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే ఆ దూరం వస్తుంది. 20 మీటర్ల హెయిర్‌పిన్‌కు 6 మీటర్లకొకటి, 200 మీటర్ల మలుపుకు 20 మీటర్లకొకటి, 800 మీటర్ల వంపుకు 40. స్ట్రెయిట్ల మీద రెండు కొసలూ చాలు. అక్కడ బిందువులు గుప్పిస్తే చెయ్యి వణికిన ప్రతిచోటా లేని వంపు పుడుతుంది, సిమ్యులేటర్‌లో స్టీరింగ్ ఊరికే కదులుతూ ఉంటుంది.

మొత్తాన్ని ఒకే గీతగా కాకుండా ముక్కలుగా దాచుకోండి. ప్రతి ముక్కకూ నాలుగు అరలు పెట్టండి: ఏ ఏడాది నుంచి, ఏ ఏడాది దాకా, ఏ ఆధారం, ఎన్ని మీటర్ల అటుఇటు. ఏడాది ఫిల్టర్ పెడితే కావలసిన రూపం దానంతటదే బయటికొస్తుంది.

వ్యాసార్ధం కొలిచేటప్పుడు

మలుపు మీద రెండు బిందువులు తీసుకుని వాటిని కలిపే జ్యా గీయండి. దాని నడుమ నుంచి రోడ్డు మధ్య దాకా లోతు కొలవండి. జ్యా వర్గాన్ని 8 రెట్ల లోతుతో భాగించి, సగం లోతు కలిపితే వ్యాసార్ధం. ఉదాహరణకు జ్యా 120 మీటర్లు, లోతు 9 మీటర్లయితే 200కు 4.5 కలిపి 204.5 మీటర్లు.

ఇప్పుడు లోతు కొలవడంలో ఒక్క మీటరు పొరపాటు పడిందనుకోండి. 9 బదులు 8 పెడితే వ్యాసార్ధం 229, 10 పెడితే 185. ఒక్క మీటరుకు పది పన్నెండు శాతం తేడా. అదే మలుపు మీద 240 మీటర్ల జ్యా తీసుకుంటే లోతు 39 మీటర్ల దాకా వస్తుంది, మీటరు తప్పినా తేడా రెండు శాతమే. అందుకని మలుపు సాగినంత పొడవు జ్యా తీసుకోవాలి, మలుపు అయిపోయాక మాత్రం దాటకూడదు. పాత ట్రాక్‌లో లే కోంబ్ తర్వాత వచ్చే బుర్నన్‌విల్ లాంటి పొడవాటి కుడి మలుపుకు ఒకే వ్యాసార్ధం ఉంటుందని ముందే అనుకోవద్దు. ప్రవేశం, నడుమ, బయటికి వచ్చే చోటు, మూడు చోట్లా విడిగా కొలిచి చూడండి. పాత ఊరి రోడ్లు కంపాస్ పెట్టి వేసినవి కావు.

తప్పులు దొర్లే చోట్లు

సర్క్యూట్ సవ్యదిశలో తిరుగుతుంది. లా సూర్స్ హెయిర్‌పిన్ దాటాక పల్లంలో ఓ రూజ్ వైపు దిగే రోడ్డు మీదే అప్పటి స్టార్ట్ గీత ఉండేది. ఇప్పటి ఫార్ములా వన్ స్టార్ట్ లా సూర్స్‌కు ముందు. గీత మొదలు ఇప్పటి చోట పెట్టుకుంటే ల్యాప్ దూరాలన్నీ జరిగిపోతాయి, "స్టార్ట్ నుంచి 3 కిలోమీటర్ల దగ్గర" అని రాసిన పాత వర్ణన ఏదీ కలవదు. ఇంకొకటి: 2007లో లా సూర్స్‌కు ముందున్న బస్ స్టాప్ చికేన్‌నూ పిట్ స్ట్రెయిట్‌నూ మార్చేశారు. ఆ ముక్కను ఇప్పటి చిత్రం నుంచి గీయకండి.

రెడియోన్ తర్వాతి కెమెల్ స్ట్రెయిట్ మీద పెద్ద ఇబ్బంది లేదు. లే కోంబ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇప్పటి ట్రాక్ కుడికి విరుగుతుంది, పాతది వేగమైన ఎడమ వంపుగా ముందుకు సాగేది. 1971 చిత్రం ఒకవైపు, ఇప్పటిది ఒకవైపు పెట్టుకుని ఈ చోటే అన్నిటికంటే ఎక్కువసేపు చూడాలి.

పేర్లు ఇంకో ఉచ్చు. ఇప్పటి ట్రాక్‌లో లే కోంబ్ దాటగానే వచ్చే మలుపును మాల్మెడీ అంటారు. పాత మాల్మెడీ మలుపు బుర్నన్‌విల్ దాటాక, కిలోమీటర్ల అవతల ఉంది. స్టావ్‌లో సంగతీ అంతే. ఇప్పటి ట్రాక్‌లో ఆ పేరుతో ఒక మలుపుంది, యుద్ధం తర్వాతి వాలు వంపు ఒకటి, అంతకుముందు ఊరి వైపు ఇరుకు మలుపు ఒకటి. ఫొటో కింద "స్టావ్‌లో" అని ఉంటే ఏడాది తెలిసేదాకా అది ఏ చోటో చెప్పలేం.

పాత మాల్మెడీ మలుపు రోడ్లు కలిసే చోటు. కూడళ్ల దగ్గర రోడ్డు ఇంజినీర్లు చెయ్యి పెట్టకుండా ఉండరు, కాబట్టి అక్కడ ఇప్పటి రోడ్డు అంచును నమ్మకుండా 1971 చిత్రంలో తారు అంచునే అనుసరించండి. చెట్ల నీడ పడి అంచు కనిపించకపోతే, కనిపించే రెండు వైపులనుంచీ వంపును పొడిగించి కలపండి. ఆ ముక్కకు "అటుఇటు" అరలో నిజాయితీగా 3 లేదా 4 మీటర్లు రాయండి.

మాస్తా దగ్గర పని తేలిక. రెండు పొడవాటి స్ట్రెయిట్ల నడుమ, ఇళ్ల మధ్యలోంచి ఎడమకూ వెంటనే కుడికీ తిరిగే ఆ జంట వంపులో ఇళ్ల మూలలే మంచి గుర్తులు. 1966 గ్రాండ్ ప్రీ తొలి ల్యాప్‌లో, వానలో జాకీ స్టీవర్ట్ కారు మాస్తా దగ్గరే రోడ్డు దిగిపోయింది. ఇంధనం కారుతున్న కారులో ఇరుక్కున్న అతన్ని తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ బయటికి తీశారు. ఇళ్లు, స్తంభాలు రోడ్డుకు ఎంత దగ్గరో మీ మ్యాపులో కొలిచి చూస్తే, ఆ తర్వాత డ్రైవర్లు ఈ ట్రాక్ మీద భద్రత కోసం ఎందుకంత పట్టుబట్టారో, 1969 రేసు ఎందుకు జరగలేదో అర్థమవుతుంది. మోడల్ చేసేవాళ్లు ఈ దూరాలను సౌకర్యం కోసం పెంచేస్తుంటారు. పెంచితే అది మాస్తా కాదు.

ఫొటోలతో సరిచూసేటప్పుడు మొదట కారు మీది అంకె చదవండి. నెగెటివ్ తిరగబడి అచ్చయితే ఎడమ మలుపు కుడిగా కనిపిస్తుంది, అంకె అద్దంలోలా ఉంటుంది.

పొడవు మళ్లీ లెక్కచూడటం, ఎత్తులు

ముక్కల పొడవులు కూడండి. ఎత్తుపల్లాల వల్ల పొడవు పెరిగిందేమోనని కొందరు తేడాను దాని మీదికి నెడతారు. సగటున 5 శాతం వాలున్నా పెరిగేది 0.125 శాతమే, 14.1 కిలోమీటర్లకు 18 మీటర్లు. అంతకు మించిన తేడాను ఎత్తు మీదికి నెట్టలేం. 60 మీటర్లు దాటితే ఏడాది కలగాపులగమైందేమో చూడండి. స్టావ్‌లో దగ్గర రెండు తరాల రోడ్లు కలిసిపోవడమే మామూలుగా దొరికే కారణం.

ఎత్తును ప్రతి మీటరుకూ తీసుకుని నేరుగా వాడకండి. లైడార్‌లో 15 సెంటీమీటర్ల గజిబిజి ఉందనుకుంటే, మీటరు దూరంలో అది 15 శాతం వాలుగా కనిపిస్తుంది. 20 మీటర్ల దూరం మీద అదే 0.75 శాతం. కాబట్టి 20 మీటర్ల సగటు తీయండి. ఇంకా నునుపు కావాలని 100 మీటర్ల సగటుకు పోతే గుట్టలు చదునైపోతాయి. 500 మీటర్ల నిలువు వ్యాసార్ధం ఉన్న గుట్ట కొస 20 మీటర్ల సగటుతో 3 సెంటీమీటర్లు దిగితే, 100 మీటర్ల సగటుతో 80 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. రెడియోన్ పైభాగంలో అలా చేస్తే కారు తేలికపడే ఆ క్షణమే పోతుంది. వంతెనలున్న చోట నేల ఎత్తుల పొర రోడ్డును వదిలి వాగులోకి దిగిపోవచ్చు. అక్కడ రెండు ఒడ్డుల ఎత్తులు కలిపి చేత్తో సరిదిద్దాలి.

అక్కడికి వెళ్లే వీలుంటే లే కోంబ్ అవతల నుంచి స్టావ్‌లో మీదుగా ఉన్న భాగం మామూలు రోడ్డే, కారులో తిరగొచ్చు. ఊళ్లలో గంటకు 50, బయట సాధారణంగా 90 కిలోమీటర్లు పరిమితి, బోర్డు వేరే చెబితే అదే లెక్క. ఇప్పటి ట్రాక్ భాగం మూసిన ప్రాంగణం, అనుమతి లేకుండా వెళ్లలేరు. సెకనుకొకటి చొప్పున నమోదు చేసే జీపీఎస్ గంటకు 50 వేగంలో 14 మీటర్లకొక బిందువు ఇస్తుంది, దానికి మూడు నుంచి ఐదు మీటర్ల తడబాటు, చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఆ గీతతో మలుపుల వ్యాసార్ధం కొలవొద్దు. వాహనం ఆపగలిగిన చోట దిగి, 1971 చిత్రంలో అనుమానం మిగిలిన చోట్ల రోడ్డు పక్కన పాత తారు అంచు ఉందేమో చూసుకోండి. ఇప్పటి రోడ్డు వంపు తిరిగే చోట గడ్డిలోకి నేరుగా పోయే తారు ముక్క కనిపిస్తే ఫొటో తీసి, ఆ బిందువును విడిగా గుర్తుపెట్టుకోండి. ఇంటికి వచ్చాక ఆ ముక్క 1971 చిత్రంలోని అంచు మీద పడితే, దాని "అటుఇటు" అరలో 4 కొట్టేసి 1 రాయొచ్చు.